బుడంకాయ బేరం

కట్టెకోత మిల్లు వెనకాల ఉన్న ఆ రేకుల షెడ్డు వైపు చీకటిపడ్డాక ఎవరూ వెళ్లరు. మిల్లు రంపం ఆగి చెవులు తేరుకునే వేళ, లోపల్నుంచి ట్రాక్టరు నడుస్తున్న చప్పుడు వస్తుందంటారు. బయట తాళం వేసినది వేసినట్టే ఉంటుంది మరి... ఈ మాట విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. మిల్లు కూలీలు చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ఆ షెడ్డులో ఉన్నది ఒక్కటే బండి. పొట్టి ట్రాక్టరు. తోటలో చెట్ల వరసల మధ్య దూరేంత చిన్నది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది, అలాంటిది చుట్టుపక్కల ఇంకోటి లేదు. జనం దాన్ని బుడంకాయ అనేవాళ్లు. ఓ వానాకాలం అది తన డ్రైవర్నే తొక్కేసింది.

"తాగి ఉన్నాడు" అన్నాడు తోట యజమాని. అందరూ తలూపారు. చచ్చినవాడు లేచొచ్చి ఎదురు చెప్పడు కదా! వాడి మీద ఏ నిందైనా వెయ్యొచ్చు.

ఆ డ్రైవరు పెళ్లాం మాత్రం తలూపలేదు. ఆయన చుక్క ముట్టడని ఆమెకి తెలుసు. తాగుబోతు పెళ్లాం అనిపించుకుంటూ ఏడాదిపాటు పళ్ల బిగువున బతికింది. బుడంకాయ అమ్మకానికొచ్చిందని విని, ఆ నింద కడిగేసుకోవాలని, కొనేదానిలా వెళ్లింది. యజమాని ఆమెని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? శవాన్ని చూడ్డానికైనా ఆమె గుమ్మం తొక్కినవాడు కాదు.

చీకటి పడుతుండగా షెడ్డు తెరిచి బల్బు వేశాడు. అవతల రంపం ఇంకా కీచుమంటోంది.

"చూడమ్మా, బంగారంలాంటి బండి. ఏడాదిగా తాళమే తిప్పలేదు. అంత అపురూపంగా ఉంచాను."

ఆమె ముందుగా ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. పాత బండి చూడ్డానికి వెళితే మొదట చెయ్యాల్సిన పని అదేనని ఆయన నేర్పాడు. ఎప్పటికైనా సొంతానికో ట్రాక్టరు కొనుక్కోవాలని, సెలవు రోజుల్లో ఇద్దరూ పాత బళ్లు చూస్తూ తిరిగేవాళ్లు. 'వేడిగా ఉంటే, స్టార్టింగు రోగం దాచడానికి నువ్వొచ్చేలోపే అమ్మేవాడు తిప్పి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను అబద్ధమాడదే' అనేవాడు.

చల్లగా ఉంది.

ఆయిలు పుల్ల లాగి, వేళ్ల మధ్య రాసి చూసింది. ముందు చక్రం పట్టుకుని ఊపింది. లొడలొడలాడింది.

"పిల్లనిచ్చేటప్పుడైనా ఇంతలా చూడరమ్మా!"

"అల్లుడు చెడ్డవాడైతే పిల్ల తిరిగొస్తుందయ్యా. దీని కింద పడ్డవాళ్లు రారు."

యజమాని నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె క్లచ్ పెడల్ కిందికి టార్చి వేసింది. క్లచ్ తొక్కితే తప్ప బండి స్టార్టు కాకుండా అక్కడో స్విచ్చు ఉండాలి. లేదు. రెండు వైర్లు మెలేసి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి. చనిపోయే ముందు ఆయన అన్నం తింటూ చెప్పాడు — స్విచ్చు పాడైంది, ఆ పార్టు ఎక్కడా దొరకదు, అయ్యగారు వైర్లు కలిపేశాడు, భయంగా ఉందే అని.

ఆమె టార్చి వెలుగుని ఆ వైర్ల మీదే నిలిపింది.

"ఇదేంటయ్యా?"

"చిన్న సర్దుబాటు... దానివల్ల నష్టమేం లేదు."

"అయితే గేరులో పెట్టి, కింద నిలబడి తాళం తిప్పండి. చూస్తాను."

"అమ్మో! మీదికి దూకదూ?"

మాట జారాక నాలుక కరుచుకున్నాడు.

"అంటే... తెలుసన్నమాట" అంది గుసగుసగా. "మరి మా ఆయనతో ఎందుకు తిప్పించావు?"

"మీ ఆయనా? ఎవరు... ఎవరు నువ్వు?"

"తాగుబోతు పెళ్లాన్ని."

యజమాని అడుగులో అడుగేస్తూ వెనక్కి జరిగి, బండికి ఎదురుగా గోడకి అతుక్కుపోయాడు.

అప్పుడు —

గర్ర్ మని బుడంకాయ లేచింది. సీట్లో ఎవరూ లేరు. తాళంచెవి యజమాని జేబులోనే ఉంది. బండి ఒక్క దూకు దూకింది. ఆ తర్వాత నిదానంగా... వెతుక్కుంటూ వచ్చినట్టు... వాడివైపు పాకింది.

"ఆపమ్మా! నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపు!"

ఆమె కదల్లేదు. బండి ముందు కడ్డీ వాడి పొట్టకి ఆనింది.

"చెప్పు. మిల్లు దాకా వినబడాలి."

"వాడు తాగలేదు! వైర్లు కలిపింది నేనే! గేరులో వదిలేసిందీ నేనే! తొందరపెట్టి కిందనుంచి తాళం తిప్పించిందీ నేనే..."

రంపం అప్పుడే ఆగింది. ఇళ్లకి బయల్దేరిన కూలీలంతా షెడ్డు తలుపు దగ్గర నిలబడి విన్నారు.

కడ్డీ ఇంకా నొక్కుతోంది. వాడి గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. చాలు అనే మాట ఆమె నాలుక చివరే ఉంది. అక్కడే ఉంచుకుంది... ఇంకాసేపు... తను ఏడాది మోసింది కదా. వాణ్నీ కాస్త మొయ్యనీ.

"ఇక చాలు మావా" అంది చివరికి.

ఇంజను ఠక్కున ఆగింది. బండి కాస్త వెనక్కి జారింది. యజమాని కూలబడి, కూలీల కాళ్ల సందుల్లోంచి పాక్కుంటూ పోయాడు.

"నడిపిందెవరమ్మా?" ఓ ముసలి కూలీ లోపలికి వస్తూ అడిగాడు.

ఆమె అలవాటుగా ఇంజను మీద అరచెయ్యి ఆనించింది.

చల్లగా ఉంది. ఇందాకటిలాగే... మంచుగడ్డలా.

ముసలాయనా తాకి చూసి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆమె పక్కకి నడిచి, మెల్లగా సీటు మీద చెయ్యి వేసింది...

సీటు వెచ్చగా ఉంది.