పాట్రిక్ గార్డు గిటారు

బాగ్‌బేడా రైల్వే క్వార్టర్లలో ఆ చివరి ఇంటికి చెడ్డపేరుంది. పొద్దుగూకితే ఆ దారిన ఎవరూ సైకిలు దిగరు. పిల్లల బంతి ఆ గోడ అవతల పడిందంటే పోయినట్టే. లోపల గిటారు మోగుతుందని చెప్పుకునేవాళ్లు. అది వాయించే పాట్రిక్ గార్డు పోయి రెండేళ్లయింది... వీధి తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది.

ఆ ఇల్లే అసిరయ్య పేర శాంక్షనైంది.

అతని పెళ్లాం దాలమ్మకి భయం కన్నా ఆశే ఎక్కువ. జుగ్సలాయిలో అయిదుగురికీ ఒక్కటే గది. వానొస్తే మంచం కిందకి నీళ్లు. ఈ క్వార్టరు కాదంటే మళ్లీ ఎప్పటికో. కానీ అత్త జోగమ్మ ఆ ఇల్లొద్దని పట్టుబట్టింది. ఎందుకని అడిగితే చేటలో బియ్యం ఏరుకుంటుంది.

మర్నాడు సున్నం వేసేవాళ్లు వస్తారని అసిరయ్య చెప్పిన రోజున ముసలామె అన్నం ముట్టలేదు. అతను డ్యూటీకి వెళ్లాక, పిల్లల్ని పడుకోబెట్టి దాలమ్మ చూస్తే — అత్త మంచం ఖాళీ.

వెతుక్కుంటూ బయల్దేరింది. కరెంటు లేదు. దారిలో గేట్‌మన్‌ని అడిగితే, చివరింటి వైపు చెయ్యి చూపించి గొంతు తగ్గించాడు.

"భాభీ... ఉధర్ మత్ జానా."

వెళ్లకుండా ఎలా? కొంగు బిగించి నడిచింది.

పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చిన్న దీపం. నేలమీద ఎవరో కూర్చుని, ఒళ్లో ఏదో పెట్టుకుని... పసిబిడ్డకి ఒళ్లు తుడిచినట్టు తుడుస్తున్నారు.

"అత్తా...?"

జోగమ్మ ఉలిక్కిపడింది. ఒళ్లో ఉన్నది గిటారు. ఎప్పుడో కుర్రతనంలో కలకత్తాలో కొన్నాడట గార్డు. తేనెరంగు చెక్క మీద గీత లేదు, తీగలకి తుప్పు లేదు.

మెల్లగా చెప్పుకొచ్చింది. ఆయనింట్లో ఏళ్ల తరబడి వంట చేసింది. పోయేముందు పెరటి తాళంచెవి చేతిలో పెట్టి, దీని మీద దుమ్ము పడనివ్వొద్దన్నాడట. అప్పట్నుంచీ దొంగచాటుగా వస్తోంది. ముండమోసిన మనిషి దొర ఇంటికెళ్తోందని ఎవరైనా అంటారేమోనని కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. రేపు సున్నం వాళ్లు దీన్ని ఏ మూల పారేస్తారోనని ఇవాళ పట్టుకుపోదామని వచ్చింది.

దాలమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అత్త గిటారుని పాత చీరలో చుట్టి ఎత్తుకుంది. దాలమ్మ దీపం ఆర్పి, తాళం వేసింది. ఇద్దరూ రోడ్డెక్కారు.

"జనాలు హడిలి సత్తన్నారు గదత్తా," అంది దాలమ్మ నవ్వాపుకుంటూ. "నువ్వేనా వాయించింది?"

జోగమ్మ ఆగిపోయింది.

"నానా... నాకేటొచ్చు? తుడవడవే గానీ, ఏనాడూ వాయించనేదే."

అప్పుడు వినిపించింది. వెనక, తాళం వేసిన ఇంట్లోంచి... తీగ వెంట తీగ, తీరిగ్గా, ఏదో పాట.

దాలమ్మ అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. చీరలో చుట్టిన గిటారు ఇద్దరి మధ్యా చల్లగా తగులుతోంది.

"పాపం," అంది జోగమ్మ గుసగుసగా. "దీన్ని తెచ్చేసినట్టు ఆయనకింకా తెల్దు."

పాట టక్కున ఆగింది.

లోపల... ఎవరో కుర్చీ వెనక్కి నెట్టి లేచిన చప్పుడు.