మూడో చుట్టు

"ఒక మనిషిని సరిహద్దు దాటించాలి. నువ్వు కన్నేసి ఉంచు, చాలు," అన్నాడు రహస్య పోలీసు మేజర్ హుదెత్స్.

బ్ర్నో నగరంలోని ఐస్ స్టేడియం. డాక్టరు గదిలో రడ్మిలా కొసినోవా కుడి చీలమండలోకి మత్తు ఇంజెక్షన్ ఎక్కుతోంది. ఆమె సూది వంక చూడలేదు.

"ఎవర్ని, కామ్రేడ్ మేజర్?"

"కామ్రేడ్లంతా నవంబరులో పార్టీ ప్రభుత్వం కూలినప్పుడే పోయారమ్మా. గారు అను."

"ఎవర్ని, మేజర్ గారూ?"

"డాక్టర్ షిమేక్. కెమిస్టు. మన పేలుడు మందును దొంగచాటుగా కొంటున్న విదేశీ ముఠా మొత్తం ఆయనకు తెలుసు. వియన్నా వెళ్లి చెబుతాడు. ఇక్కడ ఎవడు ఎవడి మనిషో నాకే అంతుపట్టడం లేదు. ఇవాళ షిమేక్ మార్కులు రాసుకునే గుమాస్తా వేషంలో కూర్చుంటాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన స్కేటింగ్ జడ్జి ఎబ్నర్ మన ఏజెంటు. పోటీ అవగానే తన కారులో తీసుకుపోతుంది."

"నేనామెను ఎప్పుడూ చూడలేదు."

"నేనూ చూడలేదు. మింక్ బొచ్చు టోపీ పెట్టుకుంటుంది. కార్ప్ చేపలు ఇంకా అమ్ముతున్నారా అని అడుగు. నా స్నానాల తొట్టిలో ఒకటి మిగిలింది అంటుంది. నేను వెనక గేటు దగ్గరుంటా."

రడ్మిలాను ఐదో ఏట మంచు మీద నిలబెట్టారు. పదహారో ఏట పాస్‌పోర్టు ఇచ్చారు, దాంతోపాటు హుదెత్స్‌నూ ఇచ్చారు. ఏ స్కేటర్ పెట్టెలో ఏముందో, ఎవరు ఎవరితో ఫోనులో ఏడ్చారో ఆయనకు చెబుతూనే వచ్చింది. గాలిలోకి దూకి గిర్రున తిరిగే కొత్తపిల్లలు వచ్చాక ఆమెను నిలబెట్టింది గీతలే. స్కేటు బ్లేడుతో మంచు మీద ఎనిమిది అంకె గీయాలి. అదే గీత మీద మళ్లీ, ఆపైన మళ్లీ. ఈ ఏడాదితో ఆ పోటీలనే ఎత్తేస్తున్నారు. ఇవాళ గెలిస్తే ప్రపంచ పోటీలకు వెళ్తుంది. లేకపోతే ఇంటికే. ఆ సంగతి తలుచుకుంది. దిగులూ రాలేదు, భయమూ రాలేదు. కాలికిచ్చిన మందు పైదాకా పాకినట్టుంది.

ఎబ్నర్ అందగత్తె. మింక్ టోపీ కింద ఎర్రటి పెదవులు, చేతిలో టీ ఫ్లాస్కు.

"కార్ప్ చేపలు ఇంకా అమ్ముతున్నారా?"

"నా స్నానాల తొట్టిలో ఒకటి మిగిలింది," అంది ఎబ్నర్ నవ్వుతూ.

అంతా సరిగ్గానే ఉంది.

పోలండ్ అమ్మాయి గీయడం ముగించింది. జడ్జీలు ఫెల్టు బూట్లతో గీతల చుట్టూ తిరుగుతూ వంగి చూస్తున్నారు. ఎబ్నర్ మాత్రం తిన్నగా గీత మీద నుంచే నడిచి అవతలికి పోయింది.

రడ్మిలా కళ్లు ఆ బూట్ల వెంటే పోయాయి. జడ్జి అన్నవాడు కన్నతల్లి కాలైనా తొక్కుతాడు గానీ గీత తొక్కడు. ఈమె జడ్జి కాదు. మరి కోడ్ మాటలు ఎలా తెలిశాయి?

మేజర్ కోసం తలుపు వైపు చూసింది. అంతలో మైకులో తన పేరు వినిపించింది. పొరబడ్డానేమో అనుకుంది. ఇన్నేళ్ల అలవాటు కాలిని ముందుకు నెట్టింది.

మొదటి చుట్టు. హాలంతా నిశ్శబ్దం, బ్లేడు కోస్తున్న చప్పుడు తప్ప.

రెండో చుట్టు. పాదం ఎక్కడుందో తెలియడం లేదు. గీత మాత్రం గీత మీదే పడుతోంది.

మూడో చుట్టు మొదలుపెడుతూ తలెత్తింది. జడ్జీల కళ్లన్నీ ఆమె పాదం మీదున్నాయి. ఎబ్నర్ ఒక్కతే వెనక్కి జరిగి, బల్ల దగ్గర చలికి వణుకుతున్న షిమేక్‌కు ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించింది. తాను ఒక్క చుక్క తాగలేదు.

సగం చుట్టు మిగిలింది. అది పూర్తి చేస్తే ప్రపంచ పోటీలు.

రడ్మిలా గీత వదిలేసింది.

షిమేక్ మూత పెదవికి ఆనించాడు. ఆమె బల్లకు గుద్దుకుంటూ చెయ్యి విసిరింది. మూత ఎగిరిపడింది. టీ మంచు మీద ఒలికి, బుసబుసా నురగలు కక్కింది.

"ఇంకా తాగలేదు," అన్నాడు షిమేక్, ఎవరో అడిగినట్టు.

ఎబ్నర్ పరుగెత్తింది. ఫెల్టు బూట్లతో మంచు మీద పరుగెత్తకూడదని కూడా ఆమెకు తెలియదు. వెల్లకిలా పడి జారుకుంటూ పోయి, చప్పుడు విని లోపలికొచ్చిన హుదెత్స్ కాళ్ల దగ్గర ఆగింది.

"అసలు ఎబ్నర్?" అని అడిగింది రడ్మిలా.

ఆయన హోటలుకు ఫోను చేసి వచ్చాడు. "గదిలో కట్టిపడేసి ఉందట. బతికే ఉంది. కోడ్ ఆవిడ నోటి నుంచే రాబట్టారు. నీకేమైనా దెబ్బ తగిలిందా?"

"తెలియడం లేదు."

ఈ గొడవంతా జరుగుతున్నా ప్రధాన జడ్జి పెఖర్ ముసలాయన తన పని మానలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లద్దాలు పైకి నెట్టి, ఆమె ఎనిమిదిని ఆసాంతం చూశాడు.

"మొదటి రెండూ దారం మీద దారం పరిచినట్టున్నాయమ్మా," అన్నాడు లేస్తూ. "మూడోదే, కొంచెం పక్కకు పోయింది."