సాంచెల షెడ్డు గల్లీ

కరీంనగర్ బస్టాండు వెనుక దిక్కు ఒక సన్నటి గల్లీ ఉండేది. అండ్ల బందువడ్డ సాంచెల షెడ్డు. బట్ట నేసే ఆ మరమగ్గాలు ఆగిపోయి ఏండ్లయింది. దీపాలు పెట్టినంక ఆ గల్లీలకెళ్లి ఎవలూ పోయేటోళ్లు కాదు. పోతే... షెడ్డు గోడ పక్కన ఓ ఆడగొంతు మెల్లగ అడుగుతది —

"తిన్నవా?"

పలికినోళ్లు బాగుపడలేదంటరు. నాగయ్య అని ఓ రిక్షా ఆయన ఒకసారి "ఆఁ" అన్నడట. నెలదినాలు జ్వరంల పడి లేచి, ఊరే ఇడిశిపెట్టి పోయిండు.

ఇది ప్రమోదినక్క నాతోని చెప్పిన సంగతి. ఎనభై మూడులనో నాలుగులనో జరిగింది.

అక్కది బాసర అవతల చిన్న పల్లె. టెలిఫోన్ ఎక్స్ఛేంజిల నౌకరి దొరికి ఒక్కతే కరీంనగర్ వచ్చింది. పల్లెల పుట్టిన పిల్లకు అది పెద్ద శహరే. పొద్దంత చెవులకు ఫోన్ తగిలిచ్చుకొని ఒకల మాట ఇంకొకలకు కలుపుడే పని. పెండ్లి మాటలు, సావు కబుర్లు, అన్నీ ఆమె చేతుల మీదికెళ్లే పోయేటివి. కాని ఆమెతోని మాట్లాడెటోళ్లు మాత్రం లేకుండిరి. కిరాయి గదికి వస్తే, ఇంటామె సక్కుబాయి తాళంచెవి చేతిల పెట్టి తలుపేసుకునేది.

మాట కోసం అక్క ఆదివారం బస్టాండుకు పోయేది. బైంసా బస్సు ఎక్కెటోళ్ల పక్కన ఊరికే నిలబడి, తన దిక్కు యాస విని, బస్సు పోయినంక ఎనుకకు వచ్చేది.

"నాకు పిచ్చి లేస్తదేమో అనిపించింది" అన్నది నాతోని.

ఓనాడు డ్యూటీ అయ్యేసరికి ముసురు. పెద్ద సడకు మీద మోరీ పొంగి నీళ్లు నిలిచినయి. ఆ గల్లీ తప్ప వేరే తొవ్వ లేదు. సగం దూరం పోంగనే కరెంటు పోయింది.

చీకటి. వాన చప్పుడు... ఆ చప్పుడులకెళ్లి —

"తిన్నవా బిడ్డా?"

అక్క కాళ్లు ఆగినయి. ఉరుకాలె. ఉరికితేనే బతుకుత. కాని ఆ శహర్ల అడుగు పెట్టినకాంచి ఆ మాట ఆమెను ఒక్కలు కూడ అడుగలే. వద్దు వద్దు అనుకుంటనే —

"తినలే" అన్నది.

వాన ఒక్కటే పడుతున్నది... తరువాత షెడ్డు లోపల ఎవలో నడిచిన చప్పుడు. గొలుసు తీసిన చప్పుడు. తలుపు కిర్రుమన్నది.

కందిలి దీపం పట్టుకొని ఒక ముసలామె.

"ఎవలు బిడ్డా... మనిషివేనా?"

"మనిషినే అవ్వా. టెలిఫోన్ ఆఫీసుల పని చేస్త."

"లోపలికి రా. తడుస్తున్నవ్."

ఆమె పేరు శంకరవ్వ. మెట్‌పల్లి దిక్కు పద్మశాలి ఆమె. ఆ షెడ్డులనే నూలు కండెలు చుట్టి బతికింది. సాంచెలు బందయినంక సేటు ఆమెను కావలికి ఉంచిండు. ఆమెతోని కూడ మాట్లాడెటోళ్లు లేరు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వేడివేడి రొట్టె కడుపుల పడంగనే అక్కకు ప్రాణం నిమ్మళమైంది. జర నవ్వొచ్చింది కూడ.

"అవ్వా, ఇన్నేండ్ల సంది జనాన్ని పరేషాన్ చేసింది నువ్వేనా? గోడ ఎనుకకెళ్లి అడిగే బదులు బయటికొచ్చి అడుగరాదు?"

రొట్టె తిప్పుతున్న శంకరవ్వ చెయ్యి ఆగింది.

"ఏమని అడుగుడు?"

"తిన్నవా అని."

శంకరవ్వ పెనం దించి అక్క దగ్గరికి జరిగింది.

"నేనెన్నడు అడుగలే బిడ్డా. బయట నుంచి ఓ గొంతు నన్నే అడుగుతది... రోజు. భయానికి దుప్పటి నిండ కప్పుకొని పండుకుంట. ఇయ్యాల ఇంకో గొంతు 'తినలే' అన్నది. అది బతికున్న మనిషి గొంతని తలుపు తీసిన."

ఇద్దరు ఒకల చెయ్యి ఒకలు గట్టిగ పట్టుకున్నరు.

అప్పుడు... వాన తగ్గిన గల్లీలకెళ్లి, గోడకు ఆనుకొని అడిగినట్టు —

"తిన్నరా?"

శంకరవ్వనే గుసగుసగ అన్నది.

"తిన్నం తల్లీ. ఇద్దరం తిన్నం."

బయట నీళ్లల్ల అడుగుల చప్పుడు. గల్లీ చివరిదాంక పోయి, సడకెక్కి, ఆగకుంట పోయింది.

ఆ వారమే అక్క తన పెట్టె తెచ్చుకొని శంకరవ్వ దగ్గర దిగింది. ఆ గొంతు మళ్ల ఆ గల్లీలకు రాలే.

కాని కొన్నాళ్లకు... ఊరికి అటు దిక్కు, భార్య పోయి ఒంటిగ ఉంటున్న ఓ మాస్టరు ఇంటి ముందటికెళ్లి పొద్దుగూకినంక పోవద్దని జనం చెప్పుకునుడు మొదలువెట్టిండ్రు.