కదలని కణం

రెండు వందల పన్నెండు మీటర్ల లోతున, ఏడో వేరు కొన దగ్గర, సుంకులమ్మ సూక్ష్మదర్శినిని కంటికి ఆనించి మూలకణాలను మూడోసారి లెక్కపెట్టింది. ఆశతో కాదు, మూడుసార్లు లెక్కపెట్టాలన్నది నియమం. మూలకణాలు పద్దెనిమిది. వాటి నడుమ నాలుగు నిశ్చల కణాలు ఉండవలసిన చోట ఒక్కటే ఉంది.

ఎనిమిదిన్నరకు, పంపకాలు చూసే యంత్రం సమవాహిని ఈ నెల విభజన సంఖ్య అడుగుతుంది. ఇంకా నలభై నిమిషాలుంది.

ఊళ్ళకు నీళ్ళు తోడే ఇరవై మూడు వేళ్ళకూ ఆహారం ఒక్కచోటి నుంచే వస్తుంది. కొండ మీది ఉమ్మడి పందిరి ఎండను చక్కెరగా మార్చి కిందికి పంపుతుంది. ఏ వేరుకు ఎంత అన్నది సమవాహిని నిర్ణయిస్తుంది. నిశ్చల కణాలు విభజన చెందితే వేరు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. సున్న చూపిన వేరుకు ఆ రోజే ముగింపు సంకేతం విడుదలవుతుంది. మూలకణాలన్నీ ముదిరి మామూలు కణాలైపోతాయి, కొన ఆగిపోతుంది, ఆ వేరు నీళ్ళిచ్చే ఊరికి తరలింపు పత్రాలు అందుతాయి. ఏడో వేరు నీళ్ళిచ్చేది బూదిలిమిట్టకు. నలభై ఆరు ఇళ్ళు. సుంకులమ్మ పుట్టిందీ, కాపురం చేసిందీ అక్కడే.

ఈ కొలతను నిర్ణయించినవారికి వేరు గురించి తెలియనిది ఒక్కటే. నిశ్చల కణం పని విభజన చెందడం కాదు. అది కదలకుండా ఉండి, చుట్టూ ఉన్న మూలకణాలకు ‘ఇంకా ముదరవద్దు’ అన్న సంకేతాన్ని అందిస్తూ ఉంటుంది. ఆ సంకేతం అందినంత కాలం అవి విభజన చెందుతూ వేరును పెంచుతాయి. కింది తొడుగులోని ముదిరిన కణాలు ‘ఇక చాలు’ అన్న ఎదురు సంకేతం పంపుతాయి. ఈ రెంటి నడుమ వేరు బతుకుతుంది. పక్కనున్న మూలకణం చనిపోయి చోటు ఖాళీ అయితే తప్ప నిశ్చల కణం చీలదు. దాని నిశ్చలతను జబ్బుగా లెక్కించడం, కాపలావాడు పరుగెత్తడం లేదని అతణ్ణి పనిలోంచి తీసేయడం వంటిది.

ఈ సంగతి వేళ్ళ కొనలను కాసే కొనకాపరులందరికీ తెలుసు. తెలిసే ఒక అలవాటు చేసుకున్నారు. సంఖ్య అడగడానికి పావుగంట ముందు కొన మీద కదుపుమందు ఒక చుక్క వేస్తారు. నిశ్చల కణం ఒకటి చీలుతుంది, సంఖ్య పైకి వెళుతుంది, ఊరికి మరో నెల నీళ్ళు. చీలినవాటిలో ఒకటి మళ్ళీ నిశ్చలంగా కుదురుకుంటుంది. ఎప్పుడో ఒకసారి రెండూ కుదురుకోవు. సుంకులమ్మకు ముందు ఇక్కడ కాపరిగా ఉన్న ఆమె భర్త లింగప్ప, నాలుగు మూడు కావడం చూశాడు. ఎవరికీ చెప్పలేదు. సున్నపుదుమ్ము ఊపిరితిత్తులను తినేసి అతను పోయాక ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. మూడు రెండైనదీ, రెండు ఒకటైనదీ ఈమె చేతిమీదుగానే.

మాటగొట్టంలో తొమ్మిదో వేరు కాపరి ఖాదర్‌బాషా పలికాడు.

“అక్కా, మందు ఏసినావా? టైమైతాంది.”

“లేదు.”

“యాల? నీకు సున్న వస్తే ఆ చక్కెరంతా నా వేరుకే మళ్ళుతాది. మీ మిట్టోళ్ళు రేపు నన్ను ఊర్లోకి అడుగు పెట్టనిస్తారా?”

“నీకాడ ఎన్ని మిగిలినాయి, బాషా?”



“అది అడగొద్దక్కా.”

“అడుగుతాండా.”

“రెండు.”

“నాకాడ ఒగటి.”

 లింగన్న ఉంటే మందు ఏసేవాడని బాషా గొణిగాడు.

“ఏసేవాడే. నేనూ ఏసినా. ఆయన తప్పెంత, నా తప్పెంత అని ఇప్పుడు ఏరే పని లేదు. ఇది చీలి రెండూ పోతే వేరుండదు. చీల్చకపోతే ఊరుండదు.”

బూదిలిమిట్ట ఆడవాళ్ళు నీటి గొట్టానికి పసుపుదారం కట్టి మొక్కుతారు. సుంకులమ్మ ఏనాడూ మొక్కలేదు. ఈ కణం తనను గుర్తుపెట్టుకుంటుందనీ, ఓపికపట్టినందుకు ఏదో ఫలమిస్తుందనీ ఆమె ఇప్పుడూ అనుకోలేదు. అది రేపే చనిపోవచ్చు కూడా. ఆమె మందుగొట్టాన్ని ఖాళీ చేసి, కడిగి, బోర్లించి, మిట్టలో ఉన్న అక్కకు ఫోన్ చేసింది. నీళ్ళు పట్టి పెట్టుకోండని చెప్పింది.

“ఎన్ని బిందెలే?”

“ఉన్నవన్నీ.”

“ఏం, పెండ్లేమన్నా పెట్టుకున్నావా?” అని అక్క నవ్వింది. చెల్లెలు నవ్వకపోయేసరికి తానూ ఆగిపోయింది.

ఎనిమిదిన్నరకు సుంకులమ్మ సున్న నమోదు చేసింది. కారణంగా సమవాహిని రెండే చూపింది: మృతం, రోగగ్రస్తం. రెంటినీ వదిలి, కింద ఖాళీగా ఉన్న చోట రాసింది: “సజీవం. నిశ్చల కణం ఒక్కటే మిగిలింది. గత పదకొండేళ్ళ సంఖ్యలు మందుతో పుట్టించినవి.” సంతకం దగ్గర తన పేరు రాసి, పక్కన లింగప్ప పేరూ రాసింది.

ముగింపు సంకేతం విడుదల చేయమని ఆదేశం వచ్చింది. దాని మీట కాపరి చేత్తోనే తిప్పాలి. ఆమె తిప్పలేదు. ఏడో వేరు వాటాను సమవాహిని తొమ్మిదో వేరుకు మళ్ళించబోయింది. అంతలో తొమ్మిదో వేరు నుంచీ సున్న వచ్చింది. పక్కన ‘సజీవం’ అని ఉంది. బాషా మాటగొట్టంలో కబురు చేరవేయగా, తరువాత మూడో వేరు. తరువాత పంతొమ్మిదో వేరు. తొమ్మిది గంటలకు ఇరవై మూడు వేళ్ళలో ఇరవై రెండు సున్న చూపుతున్నాయి. ఉన్నదంతా ఒక్క వేరుకే పంపకూడదన్నది నియమం; మిగతావాటిలో దేనికంటే దేనికి ఎక్కువ ఇవ్వాలో పోల్చుకోలేక సమవాహిని పంపకాన్ని నిలిపివేసింది. ఇక కాపరులు చక్కెర కవాటాలను చేత్తో తెరవాలి. ఎవరికెంత అన్నది వాళ్ళే చెప్పుకోవాలి.

మాటగొట్టాలన్నీ కలిపారు. ఎవరి దగ్గర ఎన్ని నిశ్చల కణాలున్నాయో ఒక్కొక్కరే చెప్పసాగారు. రెండు. ఒకటి. రెండు. మూడు అన్నవాడి గొంతు సిగ్గుపడినట్టుగా ఉంది.

సున్న చూపనిది పద్నాలుగో వేరు ఒక్కటే. దాని కాపరి నాగిరెడ్డి ముసలివాడు, అందరికంటే ముందు పనిలో చేరినవాడు. అతని వంతు వచ్చింది.

“నాకాడ ఏమీ లేవు,” అన్నాడు. “రెండేండ్లాయ. దొంగలెక్క పంపి, సచ్చిన వేరుకు మీ వాటా తాగిస్తాండా. మావాళ్ళు ఏడికి పోతారో నాకు తెలీక.”

 సుంకులమ్మ కవాటం మీద చెయ్యి వేసి, పద్నాలుగో వేరు ఊరివాళ్ళనూ పంపకం లెక్కలో కలపడానికి అక్కడ ఇళ్ళెన్నో చెప్పమని నాగిరెడ్డిని అడిగింది.