కుట్టిన రెప్ప

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, ఆమె వీధి తలుపు గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసి వచ్చింది. భర్త ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదొక అలవాటైంది. వీధంతా గడియారాలాయన అని పిలిచే ఆ మనిషి మంచం మీద కూర్చుని, తెరిచి ఉన్న ఒక్క కంటితో ఆ గొళ్ళేన్నే చూస్తున్నాడు.

రెండో కన్ను పోలేదు, మూసి ఉంది. కిందిరెప్ప మీద లేచిన కంతి చర్మపు కాన్సరని తేలాక డాక్టరు ఆ భాగమంతా కోసి తీసేసింది. అక్కడ కొత్త రెప్ప తయారుకావడానికి పైరెప్ప లోపలి పొరను కిందికి దించి కుట్టింది. అది అతుక్కునేదాకా రెండు రెప్పలూ కలిసే ఉండాలి. ఆ తర్వాత చిన్న కోత పెట్టి కన్ను తెరుస్తారు. అప్పటివరకూ ఆ వైపు ఎర్రటి మసక తప్ప మరేమీ లేదు.

ఏళ్ళ తరబడి కంటికి భూతద్దం బిగించి వాచీలు బాగుచేసినవాడికి కిందిరెప్ప మీద కాయ కాస్తే ఎవరికీ వింతనిపించలేదు. అదే పని చేసిన ఆయన తండ్రికీ ఉండేది. అద్దం కాయ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. నెత్తురు చెమర్చినప్పుడల్లా ఆమె కాస్త మందు రాసేది.

"దుకాణం దాకా వెళ్ళొస్తానే. దుమ్ము పట్టి ఉంటుంది."

"దుమ్మే కదా, ఎవరూ ఎత్తుకుపోరు. కూర్చోండి."

"డాక్టరమ్మ నడవమంది."

"ఇంట్లో నడవండి."

"ఎక్కడ నడవను? తిరిగితే గోడ. నాకన్నా గానుగెద్దు నయం, దానికి గాలైనా తగులుతుంది."

ఆమె నవ్వలేదు. అంతలో కిటికీ అవతల గొంతు వినిపించింది. "అన్నా! ఎలా ఉంది?"

దుకాణం పక్కనే సెలూన్ నడిపే స్నేహితుడు. గేటు అవతలే నిలబడ్డాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని.

"లోపలికి రారా."

"వద్దులే అన్నా, మా ఇంట్లో పసిపిల్లలున్నారు. కళ్ళకలక ఒకరికంటుకుంటే అందరికీ గోల. అయినా ఇన్నాళ్ళుండే కలక నేనెక్కడా వినలేదు!"

ఆయన భార్య వైపు తిరిగాడు. "కలకా?"

ఆమె పొయ్యి ఆపేసింది. "మరేం చెప్పమంటారు?"

"ఉన్నది చెప్పాల్సింది. ఒక్కడూ తొంగి చూడలేదేమా అని కుమిలిపోతున్నాను. ఇంట్లో పెట్టి గొళ్ళెం వేశావు. నేనేమైనా దొంగతనం చేశానా?"

"చేసింది నేనండీ." అందామె. "జబ్బు పేరు చెప్తే ముందు ఏమడుగుతారు? ఎన్నాళ్ళ నుంచి అని. రెండేళ్ళు! రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఈ వేలితోనే మందు రాశాను. ఇంట్లో ఆడది గుడ్డిదా అనరూ? మిమ్మల్ని వీధిలోకి పంపితే నన్ను నడిబజార్లో నిలబెట్టినట్టే."

ఆయన కోపం నోట్లోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తానొక్కడే బందీ అనుకున్నాడు. గొళ్ళెం వేసిన మనిషి కూడా లోపలే ఉందన్న సంగతి తోచనే లేదు.

"చూపిద్దామని నువ్వొకసారి అన్నావు. కాయకి డాక్టరేంటి, నవ్విపోతారన్నాను నేను," అన్నాడు మెల్లగా.

"మళ్ళీ అనాల్సింది."

ఆమె ముఖం తుడుచుకుంది. తలుపు తీసి గేటు దాకా వెళ్ళింది.

"కలక కాదయ్యా. కాన్సర్. రెప్ప మీద. రెండేళ్ళు కాయనుకుని నేనే మందు రాస్తూ కూర్చున్నాను."

అతను నల్లద్దాలు తీసేశాడు.

"రెండేళ్ళూ ఆయన గడ్డం గీసింది నేను, వదినా. ఆ కంటికి జానెడు దూరంలో ఉండేది నా మొహం. కాయ దగ్గరికొస్తే చెయ్యి తేలిక చేసేవాణ్ణి. నేనూ చూశాను కదా."

ఆమె గేటు పట్టుకుని ఏడ్చేసింది. ఆసుపత్రిలో కూడా రాని ఏడుపు. ఎవరూ ఆపమనలేదు.

ఈలోగా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. స్నేహితుడు ఎగాదిగా చూశాడు. "ఇదేంటన్నా, ఎలుగుబంటిలా అయ్యావు!"

"మొహం దగ్గరికి చెయ్యి వస్తే భయంగా ఉందిరా."

"నా చెయ్యేగా. సామాను తెస్తానుండు. వదినా, వెలుతురున్నచోట ఒక కుర్చీ వెయ్యి."

ఆమె కుర్చీ ఎత్తుకొచ్చి గేటు దాటి, వీధిలో వేసింది. నీళ్ళ గిన్నె పట్టుకుని ఆయన మూసిన కంటి వైపు నిలబడింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఏమైందని ఎవరో అడిగారు.

ఆమే చెప్పింది.