రేకుల షెడ్డులో పానా చప్పుడు

ఆ ఇంటి వెనక రేకుల షెడ్డుకు పేరు మంచిది కాదు. పూర్వం అక్కడ ఒక మెకానిక్కు ఉండేవాడట. ఒకరోజు బ్రేకులు మార్చిన కారు ఎలా నడుస్తోందో చూద్దామని తనే తోలుకెళ్ళాడు... తిరిగి రాలేదు. ఒక బోల్టును చేత్తో తిప్పి, పానాతో బిగించడం మరిచిపోయాడట. అప్పటినుంచి చీకటి పడితే షెడ్డులో పానా చప్పుడు వినిపిస్తుందని చెప్పుకునేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని కొట్టిపారేసినవాళ్ళు కూడా రాత్రిపూట అటు వెళ్ళేవారు కాదు.

ఆ ఇంట్లో దిగాడు, కిటికీలకు అద్దాలు బిగించే ఒకాయన. ఒక పని పూర్తికాకుండానే ఇంకోదాని మీద పడతాడని అందరూ అతన్ని 'తొందర' అనేవారు. అలాంటి మనిషికి కొండల్లో తారు రోడ్డు మీద జరిగే కార్ల ర్యాలీలో దిగాలని బుద్ధి పుట్టింది. రోజూ పెళ్ళాన్ని పనికి దింపే కారునే షెడ్డులోకి తోశాడు. వెనక సీట్లు పీకేశాడు. బోల్తా పడినా నలగకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరం వెల్డింగు చేయించాడు. మలుపుల్లో పట్టు కోసం పొట్టి స్ప్రింగులు వేసి కారును నేలకు దగ్గరగా దించాడు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. అలా ఉంది మీ వరస," అంది భార్య. "ఆ కొండ మలుపుల్లో మీకేమన్నా అయితే నా గతేంటి?"

అతను నవ్వేశాడు. ఆమె అలిగి ముందు గదిలో పడుకోవడం మొదలుపెట్టింది.

పోటీ దగ్గర పడుతుండగా చప్పుడు మొదలైంది. టక్... కాసేపు ఆగి — టక్. బోల్టు సరిపడా బిగిసినప్పుడు అతని పెద్ద పానా చేసే చప్పుడే అది.

వెల్డింగు చేసిన ఇనుము చల్లారుతోందిలే అని సర్దిచెప్పుకున్నాడు. కానీ పొద్దున్నే వెళ్ళి చూస్తే... వదులుగా ఉన్నాయేమో అనుకున్న బోల్టులన్నీ బిగిసి ఉన్నాయి. బిగించిన బోల్టు మీద గుర్తుగా ఒక గీత గీయడం ఆ పనిలో అలవాటు. అతను గీసే గీతలు తెల్లవి. ఇవి — ఎర్రవి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే భార్య కారు అమ్మేయమంటుంది.

తెల్లారితే పోటీ. ఆ రాత్రీ చప్పుడైంది. ఇక పడుకోలేక, టార్చి పట్టుకుని షెడ్డులోకి అడుగుపెట్టాడు. వెలుగు కారు కిందికి పడింది...

రెండు పాదాలు.

పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎ... ఎవరు?"

"అరవకండి."

భార్య. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఎర్ర గోళ్ళరంగు సీసా.

"నువ్వా? రోజూ?"

"మీ తొందర నాకు తెలీదా? గ్యాసు కట్టేశారో లేదో రోజూ నేనే చూస్తాను. దీన్ని మాత్రం వదిలేస్తానా?"

అతనికి సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషిని కదా అర్థం చేసుకోనిది అనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది — సాయంత్రం ముందు చక్రాలకు పెట్టిన బ్రేకులు. బోల్టులు చేత్తో తిప్పుతుంటే ఫోను మోగింది... లేచి వెళ్ళిపోయాడు.

"ముందు చక్రాల దగ్గర బిగించావా?" అన్నాడు మెల్లగా.

"లేదు. వెనక నుంచి వస్తున్నా. అటు ఇంకా పోలేదు. ఏం?"

అతను జవాబు చెప్పేలోపే... కుడి ముందు చక్రం వెనక నుంచి —

టక్.

పానా ఆమె చేతిలోనే ఉంది.

పారిపోదామని అతను ఆమె చెయ్యి లాగాడు. ఆమె కదల్లేదు. ఆ చీకట్లోకే చూస్తూ, గుసగుసగా అంది —

"అన్నా... ఎడమ పక్కది కూడా కాస్త చూడన్నా."

చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

తర్వాత ఎడమ చక్రం వైపు నుంచి... టక్.