నాలుగేళ్ళ గుర్రానికి తాతగారి కళ్ళెం

"ఆ వెండంతా ఎవరికి చూపిద్దామని? ఆవులకా?"

కంచె మీద కూర్చున్న మైటే, ఎమెట్‌తో మొట్టమొదట అన్న మాట అది. అమెరికాలో నెవాడాలోని ఆ పశువుల రాంచ్‌లో అతను పనికి చేరి మూడు వారాలైంది. ఆమెతో మాట కలపాలని మూడు వారాలుగా ధైర్యం కూడగట్టుకుంటున్నాడు పాపం.

"ఇది మా తాత వెండి కళ్ళెం," అన్నాడు గర్వంగా. "ఆయన పన్నెండేళ్ళు వాడాడు తెలుసా?"

"అయితే మీ తాత గుర్రానికే పెట్టాల్సింది. నీ టాన్సీ నాలుగేళ్ళ పిల్ల గుర్రం. పంటి నొప్పి వచ్చినట్టు నోరెలా తెరుస్తోందో చూడు."

"చాలా ఫాస్ట్‌గా నేర్చుకుందిది."

"ఎవరు చెప్పారు? అదే చెప్పిందా?"

మైటే ఆ రాంచ్ యజమాని బెన్యాట్ కూతురు. పిల్ల గుర్రాలకు నడక నేర్పడం ఆమె పని. ఆ లోయలో బడికెళ్ళే పిల్లలకైనా తెలిసిన వరస ఒకటుంది. ముందు మధ్యలో కీలున్న మామూలు కళ్ళెం. తర్వాత ముక్కు మీద తోలు పట్టీ. ఆ తర్వాత పట్టీ, పెద్ద కళ్ళెం రెండూ కలిపి. చివరికి పెద్ద కళ్ళెం ఒక్కటే. ఒక్కో మెట్టుకు దాదాపు ఏడాది పడుతుంది. పెద్ద కళ్ళేనికి నాలుక మీదుగా అంగిలి దాకా లేచే రేకు ఉంటుంది. చదువు పూర్తయిన గుర్రానికి పగ్గం కాస్త కదిలితే చాలు. చదువు కాని గుర్రానికి అదొక నరకం.

ఈ మహానుభావుడు మాత్రం మూడు మెట్లూ ఒక్క గంతులో దాటేసి తాత పెద్ద కళ్ళెం పెట్టేశాడు. పైగా టాన్సీ శిక్షణ పూర్తయిందని బెన్యాట్‌కు చెప్పి మరీ పనిలో చేరాడు. శనివారం దూడలకు రాంచ్ గుర్తు వాతలు వేసే రోజు. పెద్ద కళ్ళెం గుర్రాల వాళ్ళు తాడు విసిరి దూడల్ని పట్టాలి. మిగతావాళ్ళు కింద మట్టిలో వాటి కాళ్ళు పట్టుకోవాలి. ఆ పని చూసి వేసవికి ఎవర్ని ఉంచుకోవాలో బెన్యాట్ తేలుస్తాడు. మిగిలినవాళ్ళు సోమవారం మూట కట్టుకోవాల్సిందే.

ఎమెట్ వెళ్ళిపోతే మైటేకేం? ఏమీ లేదు. ఆ మాట ఆమె రోజుకు నాలుగుసార్లు తనకు తానే చెప్పుకునేది. కానీ పొద్దున్నే అతను టాన్సీ తోకలో ముళ్ళకాయలు ఒక్కొక్కటే ఓపిగ్గా తీస్తుంటే, పని మానుకుని చూసేది. ఇంత ఓపికున్న మనిషికి కళ్ళెం దగ్గరే తొందరేమిటని ఆమెకు ఒళ్ళు మండేది.

గురువారం వాన పట్టుకుంది. ఎమెట్ తడిసి ముద్దై టాన్సీని కొట్టంలోకి తెచ్చాడు. దాని పెదవి చివర ఎర్రగా ఉంది. మైటే చూసింది. అతనూ చూశాడు.

"నేనే చేశాను కదా ఇది?" అన్నాడు నీరసంగా.

"కాదు, వాన చేసింది!" అంటూ ఆమె గోడకున్న కీలు కళ్ళెం తీసి అతని చేతిలో పడేసింది. "పుండు మానేదాకా నోట్లో ఏమీ పెట్టకు, ముక్కు పట్టీతోనే నడుపు. మానాక దీనితో మొదటినుంచీ మొదలుపెట్టు."

"శనివారం అందరిముందూ మెట్లు దిగమంటావా? నా అబద్ధం నేనే చాటుకున్నట్టవుతుంది. మీ నాన్న నన్ను పంపించేస్తాడు."

"పంపిస్తే పంపిస్తాడు!"

అనేసి వానలోకి వెళ్ళిపోయింది. పది అడుగులు వేశాక నాలుక కొరుక్కుంది.

శనివారం ఏడు గుర్రాలు వెండి కళ్ళేలతో తళతళలాడుతూ వరసలో నిలబడ్డాయి. చివర్న ఎమెట్ వచ్చాడు. టాన్సీ ముఖాన ముక్కు పట్టీ ఒక్కటే ఉంది.

"ఏమోయ్, వెండి కరిగించుకుని తాగేశావా?" అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు.

ఎమెట్ చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి, టాన్సీని బెన్యాట్ ముందు ఆపాడు. "బాస్, నేను అబద్ధం చెప్పాను. దీని శిక్షణ ఇంకా మొదట్లోనే ఉంది. గొప్ప కోసం దాని నోరు పాడుచేశాను."

బెన్యాట్ కింద మట్టి వైపు వేలు చూపించాడు. "దిగు. దూడల కాళ్ళు పట్టుకో."

మధ్యాహ్నానికి ఎమెట్ ఒళ్ళంతా పేడ. ఒక దూడ మోకాలి మీద తన్నింది. రెండోది ఎటు తన్నబోతోందో అని చూస్తుంటే, ఎవరో దాని వెనక కాళ్ళు పట్టేశారు. మైటే! ఆమె గుర్రం వెండి కళ్ళెంతో కంచె దగ్గర ఖాళీగా నిలబడి ఉంది.

"నువ్వెందుకు దిగావు? తాడు విసరాల్సినదానివి!"

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో." దూడ వైపే చూస్తూ అంది, "గురువారం నేనన్న మాట నిజం కాదు. నువ్వు వెళ్ళిపోతే నాకు బాగుండదు. అస్సలు బాగుండదు."

ఎమెట్ పట్టు సడలింది. దూడ లేచి పారిపోయింది.

"దూడ!" అని అరిచాడు బెన్యాట్. ఇద్దరి మధ్యకూ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "పాడైన నోటిని బాగుచేసి, మళ్ళీ మొదటినుంచీ అన్ని మెట్లూ ఎక్కించాలంటే మూడేళ్ళు పడుతుంది. ఉంటావా కుర్రాడా?"

"ఉంటాడు," అంది మైటే.

"అడిగింది అతన్ని."

"మూడేళ్ళూ తిట్టాల్సింది నేనే కదా నాన్నా, అందుకని చెప్పాను."

ఎమెట్ మొహం మీది పేడ తుడుచుకున్నాడు. నవ్వాగలేదు.

"మూడేళ్ళు సరిపోవు బాస్," అన్నాడు.